జేబు పిస్తోలుని చెక్కిందెవరు?

అమెరికాలో మనవాళ్ళెవరి మీదైనా కాల్పులు జరిగాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఓ వారం పది రోజులు లంచ్ టేబుల్ దగ్గరా, వారాంతం పాట్‌లక్కుల్లోనూ ఒకటే మాట నడుస్తుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, ఆఫీసయ్యాక ఒక బార్లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు జాతిద్వేషంతో కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. అప్పుడు ఈ మాట ఎంత గట్టిగా వినబడిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "మనం కూడా ఒకటి కొని దగ్గర పెట్టుకుంటే పోలా?" అని ఒకరంటారు. "సరే, కొంటే ఏది కొనాలి?" అని ఇంకొకరు అందుకుంటారు. ఇక అక్కణ్ణుంచి చర్చంతా రెండో ప్రశ్న మీదే. మొదటిదానికి చాలా ఆలోచించాలి, రెండోదానికి స్ప్రెడ్‌షీట్ ఒకటి తెరిస్తే చాలు కదా మరి.

రోజూ బట్టల మాటున పెట్టుకు తిరగడానికి ఏ చిన్న పిస్తోలు మంచిది అన్నది పైకి అచ్చమైన ఇంజనీరింగ్ ప్రశ్నే. బరువు తగ్గిస్తే మోయడం సులువు, కానీ పేల్చినప్పుడు చేతిని గట్టిగా తన్నుతుంది. గొట్టం పొట్టిదైతే బాగా దాగుతుంది, కానీ తూటా వేగం తగ్గుతుంది. ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం కూడా తగ్గుతుంది కాబట్టి చెయ్యి కాస్త కదిలినా గురి బాగా తప్పుతుంది. పిడి పొట్టిదైతే చొక్కా కింద ఉబ్బు కనబడదు, కానీ చిటికెన వేలికి పట్టు దొరకదు. తూటాలు ఎక్కువ కావాలంటే మందం పెరుగుతుంది. మన ప్రాజెక్టుల్లాగే, ఒక పక్క లాగితే ఇంకో పక్క ఊడుతుంది.

అయితే ఈ వస్తువు రెండొందల ఏళ్ళ చరిత్ర తిరగేస్తే నాకు కనబడింది వేరు. మనం స్ప్రెడ్‌షీట్లో పోల్చుకునే కొలతల్లో చాలావాటి వెనకాల ఒక శాసనసభో, ఒక కోర్టో ఉంది. చట్టం ఒక గీత గీస్తుంది, కంపెనీవాడు ఆ గీత అంచున నిలబడే వస్తువు తయారు చేస్తాడు, దాన్ని చూసి మళ్ళీ కొత్త చట్టం వస్తుంది. కొనేవాడు మాత్రం తనే ఎంచుకున్నానని అనుకుంటాడు.

మొదటినుంచీ చూద్దాం. అమెరికాలో తుపాకీ దాచుకుని తిరగడాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రాలు ఏ న్యూయార్కో, కాలిఫోర్నియానో అనుకుంటాం. కానే కాదు, కెంటకీ, లూసియానా! రెండూ 1813లోనే ఆ పని చేశాయి. కెంటకీ చట్టాన్ని అక్కడి కోర్టు 1822లో కొట్టేసింది. ఇహ అలబామాలో 1840లో, లూసియానాలో 1850లో కోర్టులు ఇలాంటి నిషేధాల్ని సమర్థించాయి. వాళ్ళ తర్కం ఇప్పటివాళ్ళకి తలకిందులుగా కనిపిస్తుంది. మగాడైనవాడు ఆయుధాన్ని నలుగురికీ కనబడేట్టు నడుముకి కట్టుకుంటాడు, ఎదుటివాడు చూసి జాగ్రత్తపడతాడు, దాచుకునేవాడు దొంగదెబ్బ తీసే రకం అన్నది ఆనాటి మర్యాద. బాహాటంగా పెట్టుకోవడం హక్కు, దాచుకోవడం నేరం.

ఇప్పుడో? కాఫీ షాపులో ఒకడు నడుముకి పిస్తోలు కనబడేట్టు కట్టుకుని లైన్లో నిలబడితే చాలామంది తలుపు ఎటుందో చూసుకుంటారు. అదే చొక్కా కింద పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు, అదే సభ్యత. రెండు వందల ఏళ్ళలో మర్యాద పూర్తిగా తిరగబడింది. ఈ తిరగబడ్డ మర్యాద కథే జేబు పిస్తోలు కథ.

పాత మర్యాద రోజుల్లోనే దాన్ని ధిక్కరించే వస్తువు ఒకటి మార్కెట్లో ఉండేది. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల పనివాడు అరచేతిలో ఇమిడే పిస్తోళ్ళు చేసేవాడు. ఒకటే గొట్టం, ఒకటే తూటా. ఒకటి గురి తప్పితే రెండోది ఉండాలని జంటలుగా అమ్మేవారు. కాలిఫోర్నియా బంగారం వేట రోజుల్లో వీటికి విపరీతమైన గిరాకీ. నకిలీలు పుట్టుకొచ్చాయి. నకలు కొట్టినవాళ్ళు ఆయన పేరులో ఇంకో 'ఆర్' అక్షరం తగిలించారు, ఇంగ్లీషు నిఘంటువుల్లో చివరికి మిగిలింది ఆ నకిలీ స్పెల్లింగే. బ్రాండుకి ఇంతకంటే అవమానం ఏముంటుంది! 1865 ఏప్రిల్ 14న ఫోర్డ్స్ థియేటర్లో లింకన్‌ని జాన్ విల్క్స్ బూత్ కాల్చింది డెరింజర్ చేసిన పిస్తోలుతోనే. ఆరంగుళాల్లోపు పొడవు. దాచుకునే ఆయుధమంటే దొంగదెబ్బ అన్న ఆనాటి అభిప్రాయానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అయినా అమ్మకాలేమీ ఆగలేదు. ఆ మరుసటేడే, 1866లో, రెమింగ్టన్ కంపెనీ రెండు గొట్టాల డెరింజర్ మొదలుపెట్టి 1935 దాకా అమ్మింది. దాని .41 తూటా ఎంత నెమ్మదంటే ఇప్పటి మామూలు 9 ఎంఎం తూటా వేగంలో సగం కూడా ఉండదు. అయినా దాదాపు డెబ్బై ఏళ్ళు అమ్ముడైంది. జేబులో ఉన్న బలహీనమైన తుపాకీ ఇంట్లో ఉన్న బలమైన తుపాకీ కంటే నయమన్న వాదన కొత్తదేమీ కాదన్నమాట.

ఇక్కడ చట్టం ఇంకో రకంగా చెయ్యి పెట్టింది. అంతర్యుద్ధం అయ్యాక, 1879లో టెనెసీ, 1881లో అర్కాన్సా చిన్న పిస్తోళ్ళ అమ్మకాన్ని నిషేధించి, సైన్యంలో వాడే పెద్ద పిస్తోళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చాయి. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. దాచుకోలేని పెద్దది కొనుక్కో, దాచుకునే చిన్నది వద్దు. కానీ ఆ పెద్దవి ఖరీదైనవి. మాజీ సైనికుల దగ్గర అవి అప్పటికే ఉన్నాయి. చవకవి కొనగలిగినవాళ్ళు పేదలూ, కొత్తగా విముక్తి పొందిన నల్లవాళ్ళూ. ఎవరి చేతిలోంచి తుపాకీ తీసేద్దామని ఆ చట్టం చేశారో చరిత్రకారులు కొందరు గట్టిగానే రాశారు. "సైజు" అనేది తటస్థమైన కొలత అనుకుంటాం గానీ, దాని వెనక ఎవరు కొనగలరు, ఎవరు కొనలేరు అన్న లెక్క ఎప్పుడూ ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాన్ బ్రౌనింగ్ అనే మేధావి ఈ రంగాన్ని మార్చేశాడు. ఆయన డిజైన్ చేసిన కోల్ట్ 1903 మోడల్లో 8 తూటాల మ్యాగజీను పడుతుంది, పలకలా చదునుగా ఉంటుంది. హ్యామర్ని స్లైడు లోపల దాచేశాడు. కారణం? జేబులోంచి లాగేటప్పుడు గుడ్డకి తగులుకోకూడదని. అంటే బట్టల మాటున పెట్టుకోవడమే ఆ డిజైన్‌కి మొదటి రిక్వైర్‌మెంట్. ఆయన చేసిన ఇంకో చిన్న పిస్తోలు, బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ తయారుచేసిన 1910 మోడల్, 1914 జూన్ 28న సారయెవోలో గవ్రీలో ప్రిన్సిప్ చేతిలో ఉంది. తర్వాత ఏం జరిగిందో హైస్కూల్లో చదువుకున్నాం.

కోల్ట్ 1903 వచ్చిన ఎనిమిదేళ్ళకి, 1911లో, న్యూయార్క్ రాష్ట్రం సలివన్ చట్టం తెచ్చింది. ఆ జనవరిలో డేవిడ్ గ్రాహం ఫిలిప్స్ అనే నవలాకారుణ్ణి న్యూయార్క్ నగరంలో పట్టపగలు కాల్చి చంపడం దానికి ఊపునిచ్చింది. దాచుకోగలిగే సైజు తుపాకీ ఏదైనా సరే, దగ్గర ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. దాచుకుని తిరగాలంటే తగిన కారణం చూపించాలి. కారణం తగినదా కాదా తేల్చేది అధికారి. అధికారి విచక్షణ అంటే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా! ఇది నూట పదేళ్ళు పైగా నడిచింది.

చట్టం నేరుగా మిల్లీమీటర్లలోకి దిగింది 1968లో. ఆ ఏడాది ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్‌నీ, జూన్‌లో రాబర్ట్ కెనెడీనీ చంపేశారు. అక్టోబర్లో తుపాకుల నియంత్రణ చట్టం వచ్చింది. విదేశాల నుంచి వచ్చే పిస్తోళ్ళకి పాయింట్ల ఫారం ఒకటి పెట్టారు. పొడవుకి ఇన్ని, బరువుకి ఇన్ని. ఎత్తు కనీసం 4 అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు ఉండి తీరాలి. సినిమాల్లో జేమ్స్ బాండ్ పుణ్యమా అని లోకమంతా తెలిసిన వాల్థర్ పీపీకే ఎత్తు సుమారు 100 మిల్లీమీటర్లు. ఫెయిల్! వాల్థర్ వాళ్ళు ఏం చేశారయ్యా అంటే, పీపీకే పైభాగాన్ని తీసి దాని అన్నగారైన పీపీ మోడల్ పిడి మీద కూర్చోబెట్టారు. ఎత్తు 104 అయింది. పాస్! దాని పేరు పీపీకే/ఎస్. ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ నాలుగు మిల్లీమీటర్లు పట్టు కోసం పెరిగాయని ఎవరైనా షాపువాడు చెబితే నమ్మకండి, అవి ఫారం నింపడానికి పెరిగాయి.

తమాషా ఏమిటంటే ఆ కొలతలు దిగుమతులకే. దేశంలో తయారయ్యేవాటికి వర్తించవు. రాబర్ట్ కెనెడీని చంపిన .22 రివాల్వరు ఐవర్ జాన్సన్ అనే స్వదేశీ కంపెనీది! దిగుమతి ఆగిపోయిన చోట లోకల్ వాళ్ళు దుకాణం తెరిచారు. 1970లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో రేవెన్ ఆర్మ్స్ మొదలై, జింకు మిశ్రమంతో పోతపోసిన చవక .25 పిస్తోళ్ళు కుప్పలుగా అమ్మింది. జర్మనీ కంపెనీ రోమ్ ఇంకా తెలివిగా, విడిభాగాలు తెచ్చి మయామీలో బిగించడం మొదలుపెట్టించింది. 1981 మార్చి 30న రీగన్ మీద పేలిన .22 రివాల్వరు అలా మయామీలో బిగించినదే. స్పెసిఫికేషన్లో ఒక్క షరతు వదిలేస్తే ఏమవుతుందో మన ఫీల్డులో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు మలుపు. 1987లో ఫ్లోరిడా ఒక చట్టం చేసింది. అర్హత ఉన్నవాడు అడిగితే దాచుకుని తిరిగే లైసెన్సు ఇచ్చి తీరాలి, అధికారి విచక్షణ లేదు. ఫ్లోరిడా కంటే ముందు చేసిన రాష్ట్రాలు కొన్ని ఉన్నా, దేశమంతా చూసి అనుకరించింది దీన్నే. టెక్సాస్ కథ వేరే విషాదం. 1991 అక్టోబర్ 16న కిల్లీన్ ఊళ్ళో లూబీస్ అనే కెఫెటీరియాలోకి ఒకడు ట్రక్కుతో దూసుకొచ్చి 23 మందిని చంపాడు. అక్కడ భోజనానికి వచ్చిన సుజానా గ్రేషియా అనే ఆవిడ తన రివాల్వరుని కారులోనే వదిలి వచ్చింది. దాచుకుని తిరగడం టెక్సాస్‌లో నేరం కాబట్టి. అమ్మనీ, నాన్ననీ ఆ రోజే పోగొట్టుకుంది. తర్వాత ఆవిడ ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పింది, 1995లో టెక్సాస్ లైసెన్సు చట్టం చేసింది, మరుసటి ఏడు ఆవిడ శాసనసభకి ఎన్నికైంది. తుపాకులంటే నాకు పెద్ద ఇష్టం లేదు. అయినా ఆవిడ కథని పక్కకి నెట్టి వాదించడం నిజాయితీ కాదని నా అభిప్రాయం. అదే సమయంలో ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ హంతకుడి చేతిలో ఉన్నవి పెద్ద మ్యాగజీన్లు పట్టే రెండు 9 ఎంఎం పిస్తోళ్ళు. ఒకే ఘటన. ఒకరికి అందులో దగ్గర తుపాకీ లేకపోవడం కనబడింది, మరొకరికి వాడి చేతిలో అన్ని తూటాలుండటం కనబడింది.

రెండో వాదనవాళ్ళు 1994 సెప్టెంబర్లో గెలిచారు. కొత్తగా తయారయ్యే మ్యాగజీన్లలో 10 తూటాలకి మించకూడదని ఫెడరల్ చట్టం వచ్చింది. అంటే పాలసీ రెండు వైపులనుంచీ ఒకేసారి నొక్కింది. ఒక పక్క రాష్ట్రాలు దాచుకు తిరగమని లైసెన్సులిస్తున్నాయి, ఇంకో పక్క కేంద్రం పది కంటే ఎక్కువ వద్దంటోంది. ఎలాగూ పదే అయినప్పుడు పదిహేను పట్టేంత పెద్ద పిడి ఎందుకు? పిడి కోసెయ్యండి! 1995లో గ్లాక్ 26 వచ్చింది. సరిగ్గా 10 తూటాలు, గొట్టం మూడున్నర అంగుళాల్లోపు. అదే ఏడు కెల్‌టెక్ పీ-11, అదీ పదే. తూటాలు తగ్గించి ప్రమాదం తగ్గిద్దామని చేసిన చట్టం, జేబులో పట్టే 9 ఎంఎంకి పురుడు పోయడంలో తన వంతు సాయం చేసింది. ఆ చట్టం 2004లో గడువు తీరి పోయింది. దాని నీడలో పుట్టిన వస్తువులు మాత్రం పోలేదు.

తూటా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ పూర్తి కాదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ వాళ్ళకీ, ఇద్దరు బ్యాంకు దొంగలకీ జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఒక దొంగకి మొదట్లోనే తగిలిన 9 ఎంఎం తూటా గుండెదాకా వెళ్ళకుండా ఆగిపోయిందని తేలింది. ఎఫ్‌బీఐ దాన్ని పోస్ట్‌మార్టమ్ చేసి, జెలటిన్ దిమ్మలో తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలని ప్రమాణం పెట్టింది. ముందు పెద్ద తూటాలకి మారారు. తర్వాత కంపెనీలు ఆ పరీక్ష పాస్ అయ్యేలా 9 ఎంఎం తూటానే మెరుగుపరిచాయి, 2010ల మధ్యకొచ్చేసరికి ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. చిన్న పిస్తోలు "చాలు" అనిపించుకోవడానికి కారణం పిస్తోలు కాదు, ఈ టెస్టు.

వీటన్నిటి ఫలితం 2018లో వచ్చిన సిగ్ పీ365. అంగుళం మందం, అర కిలో బరువు, మ్యాగజీన్లో 10. బ్రౌనింగ్ 1903 పిస్తోలు దీనికంటే బరువు, తూటాలు తక్కువ, బలమూ తక్కువ. ఫెడరల్ పరిమితి లేకపోయినా పదే ఎందుకంటారా? ఒక కారణం మందం, ఇంకోటి కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో పది పరిమితి ఇప్పటికీ ఉండటం.

2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీం కోర్టు న్యూయార్క్ "తగిన కారణం" షరతుని కొట్టేసింది. తుపాకీ చట్టం నిలవాలంటే దేశ చరిత్రలో దానికి సంప్రదాయం ఉండాలంది. దాంతో 1813 కెంటకీ, 1840 అలబామా, 1879 టెనెసీ అన్నీ లాయర్ల ఫైళ్ళలోకి మళ్ళీ వచ్చేశాయి. చరిత్ర చదువుకుంటే ఉద్యోగాలు రావన్నవాళ్ళకి ఇదో జవాబు. 2024 చివరికి 29 రాష్ట్రాల్లో పెద్దవాళ్ళు అసలు లైసెన్సే లేకుండా దాచుకుని తిరగొచ్చు. టెక్సాస్‌లో 2021 నుంచి అంతే.

ఇప్పుడు మనదాకా వద్దాం. ఏది కొనాలని చర్చించుకునే మనవాళ్ళలో చాలామంది హెచ్1బీలోనో, ఎఫ్1లోనో ఉంటారు. వాళ్ళకి ఈ స్ప్రెడ్‌షీటే అనవసరం. 1997 ఫిబ్రవరిలో, విజిటర్ వీసా మీద వచ్చిన ఒకడు ఫ్లోరిడాలో .380 బెరెట్టా కొని, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన కాల్పులు జరిపాడు. ఆ మరుసటేడు, 1998లో, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం వచ్చింది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. రాష్ట్రం లైసెన్సే అక్కర్లేదంటోంది కదా అని ధీమా పడితే కుదరదు, ఇది కేంద్రం చట్టం. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. అరబ్ ఎమిరేట్స్ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చి, కాలేజీ తీసేశాక కూడా ఉండిపోయిన రెహైఫ్ అనే కుర్రాడు ఫ్లోరిడాలో షూటింగ్ రేంజికి వెళ్ళి అద్దె తుపాకీ పేల్చినందుకు జైలు శిక్ష పడింది. తన స్టేటస్ తనకి తెలుసని ప్రభుత్వం నిరూపించాలంటూ 2019లో సుప్రీం కోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టింది. కానీ అక్కడిదాకా వెళ్ళడానికి ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు! వీకెండ్ సరదాకి రేంజికి వెళ్ళి ఫోటోలు పెట్టుకునేవాళ్ళు ఈ కేసు ఒకసారి చదువుకుంటే మంచిది.

కొనే హక్కున్నవాళ్ళ సంగతి? గ్రీన్ కార్డూ, సిటిజెన్‌షిప్పూ వచ్చిన తెలుగువాళ్ళు ఇప్పుడు బోలెడుమంది. కొట్టు నడుపుతూ రాత్రి పన్నెండింటికి గల్లాపెట్టె లెక్కపెట్టుకునే మనిషి భయాన్ని, ఏసీ గదిలో కూర్చుని కోడు రాసుకునే నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. వాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒకటే. చిన్న పిస్తోలు మోయడానికి సులువుగా ఉండేలా తయారైంది, పేల్చడానికి కాదు. పట్టు తక్కువ, తన్ను ఎక్కువ, తప్పు ఎక్కువ. క్రమం తప్పకుండా సాధన చేసే ఓపిక లేకపోతే అది నడుముకి బరువే. ట్రిగ్గర్ని పూర్తిగా కప్పే ఒర లేకుండా జేబులో వేసుకుంటే మొదటి ప్రమాదం మీకే.

స్ప్రెడ్‌షీట్లో ఎవరూ రాయని గడి ఇంకోటుంది. అది ఇల్లు. అమెరికాలో తుపాకీ చావుల్లో సగం కంటే ఎక్కువ ఆత్మహత్యలు. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనం 2.6 కోట్లమంది వివరాలు చూసింది. సొంత పిస్తోలున్న మగవాళ్ళు తుపాకీతో ప్రాణం తీసుకునే రేటు, లేనివాళ్ళ కంటే దాదాపు 8 రెట్లు. ఆడవాళ్ళలో ఆ తేడా ఇంకా చాలా ఎక్కువ. ఉద్యోగం పోయిన రాత్రి, గ్రీన్ కార్డు వచ్చాక కూడా, మనలో ఎవరికైనా రావొచ్చు. టీనేజి పిల్లలున్న ఇంట్లో మార్కుల రాత్రులు కూడా ఉంటాయి. బార్లో ఎదురయ్యే ఉన్మాది కోసం కొన్న వస్తువు ఏళ్ళ తరబడి ఉండేది ఆ ఇంట్లోనే, ఆ మనుషుల మధ్యే.

అంచేత ఏది కొనాలని నన్నెవరైనా అడిగితే నేను మోడల్ పేరు చెప్పను. ముందు వీసా కాగితం చూసుకోమంటాను. తర్వాత తాళం వేసే పెట్టె ఎక్కడ పెడతారో, దాని తాళం ఎవరెవరికి తెలుస్తుందో ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడుకోమంటాను. ఆ మాటయ్యాక కూడా కొనాలనిపిస్తే, అంగుళాలూ గ్రాములూ అప్పుడు చూసుకోవచ్చు. వాటిని చాలావరకు రెండొందల ఏళ్ళుగా చట్టసభలు మనకోసం తేల్చేసి పెట్టాయి. ఇంట్లో మాట్లాడుకోవాల్సింది మాత్రం ఎవరూ తేల్చిపెట్టలేదు.